ప్లాస్టిక్ బోదెకి ఎదురెక్కిన కొరమీను

ఈ కథలో అడవి లేదు. అడవి ఉండాల్సిన చోట చేపల చెరువులున్నాయి. ఉప్పుటేరుకి ఇవతల చిలకగరువు అనే ఊరుంది. ఒకప్పుడు జమ్మూ తుంగా మనిషెత్తు పెరిగిన ఆ ఊరి పొలాలన్నీ తవ్వి జనం చెరువులు చేసేశారు. తవ్వకుండా మిగిలిన ఎకరం చెక్కలో మంగతాయారు అనే ఆవిడ పెద్ద ప్లాస్టిక్ పందిరి వేసి, చుట్టూ ఇనప వల బిగించి, లోపల చేపల్నీ ఆకుకూరల్నీ కలిపి పెంచడం మొదలుపెట్టింది. ఊళ్లోవాళ్లు మొదట్లో నవ్వారు. తర్వాత వాళ్లే సంచులు పట్టుకుని పాలకూరకి వచ్చారు.

పందిట్లో ఓ మూల, నేలలోకి దించి కట్టిన సిమెంటు తొట్టి ఉంది. దాన్నిండా తిలాపియా చేపలు. తొట్టి అవతల వరసలు వరసలుగా నిలబెట్టిన తెల్ల గొట్టాలు. ఒక్కో గొట్టానికి జానెడు దూరంలో చిల్లులు, చిల్లుకో మొక్క. పాలకూర, పుదీనా, కొత్తిమీర, పట్నం హోటళ్లవాళ్లు వచ్చి పట్టుకెళ్లే నోరు తిరగని పేర్ల ఆకులు రెండు రకాలు. మట్టి మచ్చుకైనా లేదు. మోటారు తిరిగితే తొట్టిలో నీళ్లు పైకెళ్లి, గొట్టాల్లో వేళ్లని తడుపుకుంటూ కిందికి జారి, పొడుగాటి ప్లాస్టిక్ బోదెలో పడి, ఆ బోదె వెంట పారుకుంటూ వచ్చి తిరిగి తొట్టిలోనే దూకుతాయి. చేపలు వదిలిన మడ్డి మొక్కలకి ఎరువు. మొక్కలు తేర్చిన నీళ్లు చేపలకి ప్రాణం. చూడ్డానికి ముచ్చటైన కాపురమే.

అయితే తిలాపియాకి పిల్లల్ని కనడంలో ఓ అడ్డూ అదుపూ ఉండదు. అలా వదిలేస్తే నెల తిరిగేసరికి తొట్టిలో నీళ్ల కంటే పిల్లలే ఎక్కువవుతాయి. అందుకని మంగతాయారు ఒక కొరమీనుని తెచ్చి అందులో వేసింది. ఎక్కువైన పిల్లల్ని తినిపెట్టడం దాని ఉద్యోగం. తొట్టిలో అందరూ దాన్ని మీరు, తమరు అని పిలుస్తారు. పిల్లల్ని తినేవాడికి మర్యాద ఇవ్వకపోతే ఎలా మరి.

ఆ కొరమీనుకి కడుపుకి లోటు లేదు. ఉన్న లోటల్లా ఒకటే. అది పుట్టింది పాతలంక కాలవలో. అక్కడ బతికింది ఒక్క ఏడాది. ఆ ఒక్క ఏడాదిలో ఒక్క మృగశిర చూసింది. తొలి వానకి కాలవలోకి ఎర్రటి నీళ్లు దిగుతుంటే, తల్లి వెనకాల, తోటి పిల్లలందరితో కలిసి ఆ నీళ్లకి ఎదురెక్కి వరిచేల దాకా వెళ్లింది. ఆ తర్వాతి వేసవిలో కాలవ ఎండితే వలకి చిక్కింది. అప్పట్నుంచీ ఈ తొట్టే. కొత్త నీళ్లకి ఎదురెక్కడం కొరమీను జాతికి పండగ కాదు, పని కాదు, ఇంకేదో. ఆకలేసినట్టు వేస్తుంది అది. అందుకే బోదెలోంచి నీళ్లు పడే చోట మూతి ఆనించుకుని, అది గంటల తరబడి అలా నిలబడి ఉండేది.

"మావా, రోజూ అక్కడ నిలబడి ఏం చేస్తావు?" అని అడిగింది ఓసారి చెట్టుకప్ప. అది గొట్టాల మధ్య పుదీనాలో కాపురముంటుంది. సన్నగా, ఆకుపచ్చగా, ఎవరి సంగతైనా చెప్పెయ్యడానికి సిద్ధంగా ఉంటుంది.

"వింటన్నాను అల్లుడూ," అంది కొరమీను.

"ఏం వినబడుద్ది?"

"మా ఊరు."

కప్ప పుట్టింది పుదీనాలోనే. ఊరు వినబడటం ఎలా ఉంటుందో దానికి తెలియదు.

ఇలా ఉండగా రోహిణి కార్తె ఇంకో వారం ఉందనగా ఒక పొద్దున్న ఇనప వల అవతలికి బావురుపిల్లి వచ్చింది. నీళ్లంటే జంకులేని పిల్లి జాతి అది, చేపలు పట్టుకుని బతుకుతుంది. అది పుట్టిన జమ్ము దుబ్బుని మొన్ననే చెరువు కింద తవ్వేశారు. చెరువులకేమో కుక్కల కాపలా. డొక్కలు అంటుకుపోయి ఉంది పాపం. తొట్టి మీద గాలి పీల్చడానికి పైకొచ్చిన కొరమీను నల్లటి వీపుని చూసేసరికి దాని ప్రాణం లేచొచ్చింది. వల చుట్టూ ఓ చుట్టు తిరిగింది. పడమటి వైపు, బోదె మొదలయ్యే చోట, పందికొక్కు మట్టి తోడటం వల్ల వల కింద బెత్తెడు సందు ఉంది. పిల్లి తల పట్టదు, చెయ్యి పడుతుంది. చేప కూడా పడుతుంది.

అది తిరిగి తొట్టి దగ్గరికొచ్చి మూతి నాక్కుని, గొంతు మెత్తగా చేసుకుంది.

"మావయ్యా, ఏ ఊరు మనది?"

కొరమీను రెండు మూరలు వెనక్కి జరిగింది. "పలకరింపు బానే ఉంది కోడలా. వెనకాల పళ్లు కూడా కనబడతన్నాయి."

"పళ్లుంటే మాత్రం, మధ్యన ఇనప వలుందిగా. ఊరికే మాటకొచ్చాను. మా జమ్ము తవ్వేశాక నాతో మాట్లాడే ప్రాణి లేదు. నువ్వూ ఒంటిగాడిలాగే కనబడ్డావు."

"పాతలంక కాలవ మాది," అంది కొరమీను.

"పాతలంక కాలవా? పొద్దున్నే దాంట్లో మునిగొచ్చాను."

అంతే. వెనక్కి జరిగిన రెండు మూరలూ కొరమీను ముందుకొచ్చేసింది.

"జమ్ముందా ఇంకా?"

"లేకేం మావయ్యా."

"తూము దగ్గర ఒక తుమ్మచెట్టు ఉండేది. దాని నీడలో మా అమ్మ మమ్మల్ని దాచేది."

"అదీ ఉంది. కొమ్మలు నీళ్లలోకి వాలి, చల్లగా ఉంది."

పిల్లి ఆ తుమ్మచెట్టుని ఎప్పుడూ చూడలేదు. ఉందో కొట్టేశారో దానికి తెలియదు. కానీ ఉందని చెప్పగానే నీళ్లలో ఆ నల్లటి ఒళ్లు ఎలా వణికిందో చూసింది. దానికి కావాల్సింది దొరికింది.

"మరి వెళ్లవేం మావయ్యా?" అని అడిగింది అమాయకంగా.

"దారేదీ?"

"దారి పక్కన పెట్టుకుని అడుగుతావేం. ఆ బోదెలోంచి నీళ్లు పడతన్నాయిగా. ఎక్కణ్ణించి వస్తన్నాయనుకున్నావు? ఆ చివరికెళ్తే కాలవే. నమ్మకపోతే రేపు పొద్దున్న వాసన చూసుకో."

నీళ్లు పడే వైపుకి మూతి పెట్టి పోవాలి. కొరమీను వంశంలో ఉన్న చదువల్లా అదే. నీళ్లు పడుతున్నాయంటే అవతల ఏదో ఏరో కాలవో ఉన్నట్టే. మోటారు అనేది ఒకటుంటుందని వాళ్ల పెద్దలెవరూ చెప్పి పోలేదు.

మర్నాడు తెల్లారగానే పిల్లి కాలవలో మెడ దాకా మునిగి, బురదలో దొర్లి, ఒళ్లు ఆరిపోకముందే చేరాలని చెరువు గట్ల మీద ఒకటే పరుగు తీసింది. పడమటి సందు దగ్గర బోదెకి వీపు తిప్పి నిలబడి, తోక దగ్గర్నుంచి చెవుల దాకా ఒక్క విదుపు విదిపింది. కాలవ చుక్కలన్నీ వలలోంచి వెళ్లి బోదెలో పడ్డాయి. మోటారు తిరుగుతోంది. నీళ్లు ఆ వాసనని మోసుకుని తొట్టిలోకి దూకాయి.

కొరమీను అప్పుడే నిద్ర లేచి అలవాటు కొద్దీ నీటి ధార దగ్గరికొచ్చింది. వచ్చి ఆగిపోయింది. నాచు వాసన. నత్తగుల్లల వాసన. కుళ్లిన జమ్ము వేళ్ల వాసన. దానికి తల్లి గుర్తొచ్చింది. ఎర్రటి చిన్నచిన్న పిల్లలుగా తామంతా తల్లి తల మీద గుంపుగా తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. ఇంకేమీ ఆలోచించలేదు. ఒక్క ఎగురు ఎగిరి బోదెలో పడి, జానెడు లోతు నీళ్లలో ఒళ్లు వంకర్లు తిప్పుకుంటూ ఎదురెక్కడం మొదలుపెట్టింది.

సగం దూరం వెళ్లేసరికి పైనుంచి కప్ప టప్పున దాని ముందు పడింది.

"ఆగు మావా. ఎక్కడికి?"

"తప్పుకో అల్లుడూ. కాలవొచ్చింది."

"కాలవ రాలేదు. పిల్లొచ్చింది. ఒంటి నిండా నీళ్లు పట్టుకొచ్చి ఆ చివర విదుల్చుకుంది. నేను గొట్టం మీంచి చూశాను. నువ్వు సందులోకి మూతి పెడితే దాని చేతిలో ఉంటావు."

"మరి ఈ నీళ్లు? ఎక్కణ్ణించి వస్తన్నాయి మరి?"

కప్ప దాని మొహంలోకి చూసి, చెప్పాలా వద్దా అని కాస్త తటపటాయించింది. చెప్పకుండా ఉండటం దానికి చేతకాదు గనక చెప్పేసింది.

"ఇవి నీ నీళ్లే మావా. నిన్న నువ్వు తాగి వదిలినవే. మోటారు పైకి లాగుద్ది. పైన గులకరాళ్ల తొట్టి ఉంది, అందులో కంటికి కనబడని పురుగులేవో నీ మడ్డిని ఎరువు చేస్తాయి. ఆకుకూరలు ఆ ఎరువు తినేసి తేటనీళ్లు వదుల్తాయి. అవే బోదెలోకి, మళ్లీ నీ దగ్గరికి. నేను పుట్టింది లగాయతు అవే నీళ్లు. బయట్నించి వచ్చేదేమీ లేదు."

కొరమీను బోదెలో అలాగే ఉండిపోయింది. నీళ్లు దాని మొహం మీంచి పారుతున్నాయి.

"అయితే ఇన్నాళ్లూ నేను చెవి పెట్టి విన్నది?"

కప్ప తల దించుకుంది.

కొరమీనుకి ఏడుపొచ్చింది. చేప ఏడిస్తే కనబడదు కాబట్టి ఎవరూ చూడలేదు. ఒళ్లు వదులు చేసేస్తే నీళ్లే దాన్ని వెనక్కి తోసుకొచ్చి తొట్టిలో పడేశాయి.

కథ అక్కడితో అయిపోవాలి. మోసం తెలిసింది, ప్రాణం దక్కింది, పిల్లి ఆకలితో పోయింది అని చెప్పి మనం దులుపుకుని లేచిపోవచ్చు. కానీ మర్నాడు పిల్లి వచ్చి, "రాలేదేం మావయ్యా?" అని అడిగినప్పుడు, ఛీ పొమ్మనాల్సిన కొరమీను ఇలా అంది.

"వద్దామనే అనుకున్నాను కోడలా. కానీ వాసన పల్చగా ఉంది. కాలవలో నీళ్లు తక్కువున్నాయేమో, మధ్యలో చిక్కడిపోతానని భయమేసింది. రేపు చూద్దాం."

పిల్లి వెళ్లాక కప్ప గుడ్లు మిటకరించింది. "దాని సంగతి నీకు తెలిసిందని చెప్పవేం?"

"చెప్తే రేపట్నించి రాదు."

"రాకపోతే ఏం?"

"వాసనా రాదు," అంది కొరమీను. ఆ మాట అన్నాక కాస్త సిగ్గుపడింది. వెంటనే దాన్ని కప్పిపుచ్చుకోవడానికి నవ్వింది. "నన్ను తిందామని వచ్చినదాని చేత మా కాలవ నీళ్లు మోయిస్తన్నాను చూశావా. నీ మావంటే ఏమనుకున్నావు."

అలా మొదలైంది. పిల్లి రోజూ మునిగి రావడం, విదల్చడం. కొరమీను రోజూ ధార దగ్గర కళ్లు అరమోడ్చి వాసన పీల్చడం, ఏదో వంక పెట్టడం.

"జమ్ము వాసన తగల్లేదు కోడలా."

పిల్లి జమ్ములో పొర్లి వచ్చింది.

"మా కాలవైతే కలువ ఆకు వాసన కూడా ఉండాలే."

పిల్లి పీకల్లోతు నీళ్లలోకి దిగి, కలువాకుల మధ్య ఈది వచ్చింది. పాతలంక కాలవ అక్కడికి కోసున్నర దూరం. దారి పొడుగునా చెరువు పాకల దగ్గర కుక్కలు. రోహిణి ఎండకి సగం దారిలోనే ఒళ్లు ఆరిపోతే మళ్లీ వెనక్కెళ్లి మునిగి రావాలి. కడుపునిండా తిని ఎన్నాళ్లయిందో, ఎలకలూ పీతలూ దొరికితే తినడం, లేకపోతే లేదు. పెద్ద కొరమీను కోసం చిన్న తిళ్ల వెంట పడటం మానుకుంది. ఇంకో రోజు, ఇంకొక్క రోజు అనుకుంటూ నీళ్లు మోసింది.

ఈలోగా తొట్టిలో ఇంకో ముచ్చట జరిగింది. కాలవ ఊసులో పడి కొరమీను పిల్లల్ని తినడం మర్చిపోయింది. తిలాపియా తల్లులు పిల్లల్ని నోట్లో దాచుకుని పెంచుతాయి. పిల్లలు ఈదడం నేర్చే దాకా తిండీ లేదు, మాటా లేదు. వాటిలో ఒక పెద్ద తల్లి పది రోజులుగా నోరు మూసుకుని కొరమీనుని కనిపెడుతోంది. ఇక భయం లేదని తేల్చుకుని, ఒక మధ్యాహ్నం నోరు తెరిచి పిల్లలందర్నీ బయటికి వదిలేసి, తీరుబడిగా దాని పక్కన చేరింది.

"తమరిలా కాలవ వాసన చూసుకుంటా ఉంటే మా పిల్లలు బతికిపోతన్నారండీ. ఆ పిల్లమ్మ చల్లగా ఉండాలి. రోజూ రమ్మనండి."

"పిల్లలు ఎక్కువైపోయారు, నీళ్లు చిక్కబడతన్నాయి," అంది కప్ప పైనుంచి. "పుదీనా ఆకుల అంచులు అప్పుడే మాడతన్నాయి. మావా, నీ పని నువ్వు చెయ్యకపోతే ఇక్కడ ఎవరి పనీ సాగదు."

"చేస్తాలే అల్లుడూ," అంది కొరమీను, మూతి ధార మీంచి తియ్యకుండానే.

"ఇంకో మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. నువ్వు దాన్ని ఆడిస్తన్నానని అనుకుంటన్నావు. నాకలా కనబట్టం లేదు."

"నాకు తెలిసి ఆడే ఆట ఇది. తెలిసినవాడికి భయమేంటి?"

కప్ప గొట్టం మీదికెక్కి పడమటి వైపు చూస్తూ కూర్చుంది.

నీళ్లు మోయడం మొదలై రెండు వారాలు గడిచాక ఒక పొద్దున్న పిల్లి వచ్చి ఒళ్లు విదల్చకుండా తొట్టి వైపుకే నేరుగా వచ్చింది. నడుస్తుంటే కాళ్లు తడబడుతున్నాయి.

"మావయ్యా, నువ్వు రావని నాకు తెలిసిపోయింది. మొదటి రోజే నీకంతా తెలుసు కదూ?"

కొరమీను తోక ఆడిస్తూ ధార వైపుకి తిరిగింది.

"గొప్పగా ఆడించావు. పోనీలే. ఏదో కాపలా లేని చెరువు చూసుకుంటాను. రేపట్నించి రాను."

అది వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసింది. అప్పుడు కొరమీను పిలిచింది.

"కోడలా. ఒక్క రోజు. రేపొక్క రోజు తీసుకురా. చాలు."

మోసం చేసినవాడి గొంతు కాదది. అడుక్కునే గొంతు. పిల్లి ఆగింది. వెనక్కి తిరగకుండానే ఆ మాట రెండోసారి విన్నట్టు చెవులు కదిపింది. తన పదిహేను రోజుల చాకిరీలో ఎక్కడ తప్పు చేసిందో దానికప్పుడు అర్థమైంది. తెచ్చిపెట్టినన్నాళ్లూ ఈ చేప కదల్లేదు. తేవడం మానేస్తేనే కదులుతుంది. పిల్లి రాననీ అనలేదు, వస్తాననీ అనలేదు. చల్లగా వెళ్లిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బోదెలోంచి నీళ్లు మామూలుగానే పడుతున్నాయి. తేటగా, ఏ వాసనా లేకుండా, నిన్నటివే. కొరమీను తిండి మానేసింది. ధార దగ్గరికి వెళ్లేది, వెనక్కి వచ్చేది. పూర్వమైతే ఊరు వినబడేది. ఆ నీళ్ల సంగతి తెలిశాక ఇప్పుడదీ వినబడదు. కప్ప పాపం పుదీనా మీంచి దిగొచ్చి పక్కన కూర్చునేది.

"అల్లుడూ, నీకెక్కడికైనా పోవాలని ఉండదా?"

"నాకు వేరే చోటు తెలియదు మావా."

"అదృష్టవంతుడివి," అంది కొరమీను. మనస్ఫూర్తిగానే అంది.

నాలుగో రోజు మృగశిర ప్రవేశించింది. మిట్టమధ్యాహ్నం పడమట మబ్బు పట్టి, గాలి దుమారం లేచి, కరెంటు పోయింది. మోటారు ఆగింది. తర్వాత వాన మొదలైంది. ప్లాస్టిక్ పందిరి మీద వేల గుప్పిళ్లతో ఇసక పోసినట్టు ఒకటే చప్పుడు. తొట్టిలో చేపలన్నీ అడుగుకి చేరాయి. కొరమీను ఒక్కటే పైకి వచ్చి చూసింది. నెత్తి మీద అంత వాన కురుస్తోంది, ఒక్క చుక్క కిందికి రాదు. అంత దగ్గర్లో, అంత చప్పుడు చేస్తూ, తన మీద పడని వానని చూస్తూ అది తొట్టి అంతా గిరగిరా తిరిగింది.

అప్పుడు బోదె మూతి దగ్గర నీళ్లు పడ్డ చప్పుడైంది.

మోటారు తిరగట్లేదు. అయినా బోదె పారుతోంది. పందిరి మీంచి కారిన వాన పడమటి గోడ వారన నేల మీద పడి, మట్టిని కలుపుకుని, వల కింద సందులోంచి బోదెలోకి దారి చేసుకుంది. ఎర్రటి నీళ్లు. ఎవరి ఒంటి మీదనుంచీ రాలినవి కావు, ఎవరూ తేర్చినవి కావు. ఆకాశం నుంచి నేరుగా వచ్చినవి.

కప్ప గొట్టాల మీంచి గెంతుకుంటూ వచ్చింది. "మావా, ఇవి నిజం నీళ్లే. అబద్ధం చెప్పను. కానీ పిల్లి కూడా నిజమే. సందుకి అవతల తడుస్తా కూర్చుని ఉంది."

"సందు అవతల కాలవలో కలిసే డ్రెయిను ఉందన్నావే, ఎంత దూరంరా అక్కణ్ణించి?"

"నాలుగు బారలుంటది."

"వానలో తడినేల మీద నాలుగు బారలు మా జాతికి ఓ దూరమా. ఒళ్లు జార్చుకుంటా పోతాం. డ్రెయినులో పడితే కాలవే."

"పిల్లి సంగతో?"

కొరమీను అప్పటికే బోదె మూతి వైపుకి తిరిగింది.

"నీకు తెలుసు కదా మావా," అంది కప్ప, దాదాపు ఏడుస్తూ. "మొదట్నించీ తెలిసినవాడివి కదా."

"తెలుసురా. తెలిసి ఏం చెయ్యను? నా వల్ల కావట్లేదు."

ఆ మాట అంటూనే ఎగిరి బోదెలో పడింది. ఈసారి కప్ప దానికి అడ్డం దూకలేదు. దూకినా ఆగే వేగం కాదది. ఎర్రటి నీళ్లని చీల్చుకుంటూ, తోకతో ఆ పక్కా ఈ పక్కా ప్లాస్టిక్‌ని చరుస్తూ, పాలకూరనీ పుదీనానీ దాటుకుంటూ బోదె చివరి దాకా వెళ్లింది. అంత హాయి దానికి చిన్నప్పుడు తల్లి వెనకాల వెళ్లినప్పుడు తప్ప మళ్లీ కలగలేదు. సందులోకి తల దూర్చి, ఒళ్లంతా ఒక్క విసురులో లాక్కుని బయటపడింది. వాన. మొహం నిండా, వీపు నిండా వాన. ఒక బార వెళ్లింది. రెండో బార కూడా వెళ్లింది. డ్రెయినులో నీళ్లు దూకుతున్న చప్పుడు వినబడుతోంది.

రెండు బారల దగ్గర బావురుపిల్లి చెయ్యి దాని వీపు మీద పడింది.

"కొంచెం ఆగు కోడలా," అంది కొరమీను. పెనుగులాడలేదు. "ఒళ్లు తడవనీ."

"తడుపుకో మావయ్యా," అంది పిల్లి. దాని గొంతులో గెలిచిన సంబరం కూడా లేదు, అంత అలిసిపోయి ఉంది. "పదిహేను రోజులు కోసున్నర దూరం నీళ్లు మోసుకొచ్చి పిలిచాను, రాలేదు. ఇవాళ నేనేమీ తేలేదు. పిలవనూ లేదు. ఊరికే వచ్చి కూర్చున్నాను."

ఎదుటివాడి ఎత్తు పసిగట్టేశానని మురిసిపోయేవాడు తనలో ఉన్న తపనని కూడా ఓ కంట చూసుకుంటూ ఉండాలి.